పేరు మార్చుకున్న ఊరు

పెళ్ళయితే ఆడపిల్ల ఇంటిపేరు మారడం మనకి వింత కాదు. మద్రాసు చెన్నై కావడం, బొంబాయి ముంబై కావడం కూడా చూశాం. ఆ మార్పులు ప్రభుత్వం వారు చేసినవి. మనం పొద్దున్నే పేపరు తీసి చూసుకున్నాం, అంతే. కానీ ఒక ఊరివాళ్ళంతా, పద్నాలుగేళ్ళ పిల్లలతో సహా, ఓట్లు వేసి, "ఈ పేరు ఇక మాకొద్దు" అని తేల్చుకోవడం ఎప్పుడైనా విన్నారా? కెనడాలో 2020లో ఆ పని జరిగింది. ఆ ఊరి పాత పేరు చెప్తే మీరు ఉలిక్కిపడతారు. ఆస్‌బెస్టాస్! అవును, మన పెరట్లో వంటపాకకీ, గొడ్లపాకకీ వేయించుకునే రేకుల పేరే.

"ఎక్కడో మంచుదేశంలో ఊరు సంగతి మాకెందుకండీ?" అంటారేమో. కాస్త ఓపిక పట్టండి. ఆ ఊరి భూమిలోంచి తవ్వి తీసిన సరుకు ఓడలెక్కి మన దేశం దాకా వచ్చింది. మనలో ఎంతోమంది నెత్తిమీద ఎండా వానా కాచింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఏం పడ్డారో తెలుసుకోవడం, పొరుగింటి సంగతి తెలుసుకోవడం లాంటిదే.

ముందు ఊరు ఎక్కడుందో చెప్తాను. కెనడా అనగానే మన పిల్లలు చదువుకోవడానికి వెళ్ళే టొరంటో గుర్తుకొస్తుంది. అక్కడ ఇంగ్లీషే. కానీ కెనడాలో క్యుబెక్ అని ఒక పెద్ద రాష్ట్రం ఉంది. అక్కడ ఇళ్ళల్లో, బజార్లో, కచేరీల్లో అంతా ఫ్రెంచి భాషే. ఒకప్పుడు ఫ్రాన్సు నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల సంతతి వాళ్ళు. 1759లో ఇంగ్లీషువాళ్ళు యుద్ధంలో గెలిచి, తర్వాత నాలుగేళ్ళకి ఆ దేశాన్ని పూర్తిగా తమ చేతికి తీసుకున్నారు. జెండా మారింది కానీ ఇంట్లో భాష మారలేదు. చుట్టూ ఇంగ్లీషు సముద్రం ఉన్నా రెండున్నర శతాబ్దాలకి పైగా తమ భాషని కాపాడుకున్నారంటే, అందులో సగం పుణ్యం తల్లులదే అనుకోవచ్చు. ఉయ్యాల పాటలు ఫ్రెంచిలో పాడారు, వంట ఫ్రెంచిలో నేర్పారు, కొడుకుల్ని ఫ్రెంచిలో తిట్టారు.

తిట్లంటే గుర్తొచ్చింది. క్యుబెక్ వాళ్ళు తిట్టుకునే తిట్లన్నీ చర్చి సామగ్రి పేర్లట! పూజాపాత్ర, ప్రసాదం పెట్టె, ఇలాంటి మాటలే అక్కడ ఘోరమైన బూతులు. మూడు వందల ఏళ్ళు చర్చి చెప్పిందే వేదంగా బతికిన జనం కదా, కోపం వచ్చినప్పుడు నోట్లోంచి అదే ఊడిపడుతుంది కాబోలు.

మాంట్రియల్ మహానగరానికి తూర్పుగా, కారులో రెండు గంటల్లోపు వెళ్ళేంత దూరంలో, చిన్న కొండలూ పాడి పొలాలూ ఉన్న ప్రాంతంలో ఉంది మన ఊరు. జనాభా సుమారు 7,000. మన మండల కేంద్రం కంటే చిన్నది! ఆ ప్రాంతాన్ని మొదట్లో అమెరికా వైపు నుంచి వచ్చిన ఇంగ్లీషువాళ్ళు సాగులోకి తెచ్చారు. ఫ్రెంచి కుటుంబాలు తర్వాత వచ్చి చేరాయి. 1879 ప్రాంతంలో వెబ్ అనే రైతు పొలంలో ఒక చిత్రమైన రాయి బయటపడింది. గోటితో గీరితే దారాలు దారాలుగా లేచి వచ్చేది. నిఘంటువుల్లో దీనికి చక్కటి తెలుగు మాట ఉంది, రాతినార. నార కాబట్టి ఒడకవచ్చు, నేయవచ్చు. రాయి కాబట్టి కాలదు. గ్రీకు భాషలో ఆస్‌బెస్టాస్ అంటే ఆర్పడానికి వీల్లేనిది అని అర్థం.

ఆవిరి యంత్రాల కాలం అది. బాయిలర్లకీ, గొట్టాలకీ చుట్టడానికి కాలని గుడ్డ కావాలి. పట్నాల్లో అగ్నిప్రమాదాలు ఎక్కువ. నాటకశాలల్లో మంటలు పాకకుండా రాతినారతో తెరలు నేసేవారు. తర్వాత కారు బ్రేకులకీ, ఇంటి కప్పులకీ, ఆఖరికి పొయ్యిమీద గిన్నె కింద పెట్టుకునే చట్రాలకీ, ఇస్త్రీ బల్ల మీద పరిచే గుడ్డలకీ అదే వాడారు. మన చిన్నప్పుడు స్కూలు లాబరేటరీలో బున్సెన్ బర్నర్ మీద తెల్లటి గుండ్రటి మచ్చ ఉన్న ఇనుప జాలీ పెట్టేవారు, గుర్తుందా? ఆ మచ్చ కూడా ఇదే.

అలా జెఫ్రీ అనే ఆయన గని తెరిచాడు. గని చుట్టూ గుడిసెలు వెలిశాయి, గుడిసెలు ఊరయ్యాయి, ఊరికి సరుకు పేరే పెట్టారు. ఇందులో తమాషా ఏమిటంటే, ఫ్రెంచిలో రాతినారని ఆస్‌బెస్టాస్ అనరు, 'అమియాంట్' అంటారు. అందుకని ఫ్రెంచివాళ్ళ చెవికి ఊరి పేరు ఒట్టి పేరుగానే వినిపించేది. 1918లో ఆ గనిని జాన్స్-మాన్విల్ అనే అమెరికా కంపెనీ కొంది. అక్కణ్ణించి యజమానులు ఇంగ్లీషువాళ్ళు, పనివాళ్ళు ఫ్రెంచివాళ్ళు. జీతం ఇచ్చేది కంపెనీ. చాలామందికి ఉండటానికి ఇల్లు ఇచ్చింది కూడా కంపెనీయే. ఊరంతా దాని ఉప్పు తింటున్నప్పుడు ఎదురు మాట్లాడేదెవరు?

ఈ గని మన సింగరేణి పాత గనుల్లాగా భూమి లోపల సొరంగం కాదు. పైనుంచి మెట్లుమెట్లుగా తవ్వుకుంటూ పోయే బహిరంగ గొయ్యి. తవ్వి తవ్వి చివరికి రెండు కిలోమీటర్ల వెడల్పు, 350 మీటర్ల లోతు చేశారు. అందులో ఆరు చార్మినార్లని ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా పైకి కనిపించవు! గొయ్యి పెరిగినప్పుడల్లా ఊరు వెనక్కి జరగాల్సి వచ్చింది. ఇళ్ళు, వీధులు, దుకాణాలు గొయ్యి నోట్లోకి పోయాయి. కాపురం పెట్టిన ఇల్లు, పిల్లలు పుట్టిన ఇల్లు, కంపెనీ గీత గీస్తే ఖాళీ చేసి ఇంకో వీధికి పోవాలి. మన శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు ముంపు గ్రామాలవాళ్ళు నీళ్ళకి ఇల్లు అప్పజెప్పి వచ్చారు. వీళ్ళు గొయ్యికి అప్పజెప్పారు.

ఇక దుమ్ము సంగతి. రాయిని మిల్లులో దంచి, విదిల్చి నార తీసేటప్పుడు తెల్లటి ధూళి లేస్తుంది. అది మిల్లు గోడల మధ్యే ఆగదు కదా. కిటికీ గుమ్మాల మీద, చెట్ల మీద, ఆరేసిన బట్టల మీద పడుతుంది. మొగుడు పనినుంచి వస్తే జుట్టులో, కనుబొమల మీద, చొక్కా మడతల్లో అదే. ఆ చొక్కా దులిపేదెవరు? ఉతికేదెవరు? తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచేదెవరు? జీతం పట్టికలో పేరు లేని మనిషి! సిమెంటు ఫ్యాక్టరీల పక్కనా, కంకర మిల్లుల దగ్గరా, పలకల క్వారీల దగ్గరా కాపురాలు చేసే మన అక్కచెల్లెళ్ళకి ఈ తుడుపు సంగతి నేను చెప్పనక్కర్లేదు.

ఆ ధూళిలో కంటికి కనిపించని సన్నటి ముళ్ళు ఉంటాయి. ఊపిరితో లోపలికి పోయి ఊపిరితిత్తుల్లో గుచ్చుకుని ఉండిపోతాయి. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి, మెట్టెక్కితే ఆయాసం. ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత క్యాన్సర్ కూడా రావచ్చు. జబ్బు పేరు డాక్టర్లకి 1920ల నుంచే తెలుసు. కంపెనీకీ తెలుసు. ఈ ఊరి చరిత్ర మీద జెస్సికా వాన్ హోర్సెన్ అనే చరిత్రకారిణి 2016లో ఒక పెద్ద పుస్తకం వెలువరించారు. చనిపోయిన కార్మికుల ఊపిరితిత్తులని గుట్టుగా సరిహద్దు దాటించి, అమెరికాలోని లాబరేటరీలో పరీక్ష చేయించేవారని ఆవిడ కాగితాలు తిరగేసి రాశారు. ఫలితాలు మాత్రం ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఇది చదివినప్పుడు నాకు ఆ రోజు అన్నం సయించలేదంటే నమ్మండి. భర్త పోయి ఏడుస్తున్న ఆ ఇల్లాలికి, పాతిపెట్టింది పూర్తి శరీరం కాదని కూడా తెలియదన్నమాట.

1949 జనవరిలో మాంట్రియల్ నుంచి వచ్చే 'లె దెవ్వార్' దినపత్రిక ఈ దుమ్ము జబ్బు గురించి పెద్ద వ్యాసం వేసింది. మరుసటి నెల, ఫిబ్రవరి 13 అర్ధరాత్రి, ఆస్‌బెస్టాస్ ఊరి కార్మికులు పని ఆపేశారు. పక్కనే ఉన్న థెట్‌ఫర్డ్ మైన్స్ వాళ్ళూ కలిశారు. మొత్తం 5,000 మంది. అప్పుడు వాళ్ళకి గంటకి 85 సెంట్లు కూలి, ఇంకో 15 సెంట్లు కలిపి డాలరు చెయ్యమన్నారు. కానీ కోరికల జాబితాలో ఇంకోటి ఉంది, నన్ను ఆకట్టుకున్నది అదే. మిల్లు లోపలా బయటా దుమ్ము లేకుండా చెయ్యాలి అని అడిగారు. "బయట" అన్న మాట గమనించారా? బయట అంటే వీధి, బడి, వంటిల్లు. యూనియన్లో ఎక్కువమంది మగవాళ్ళే అయినా ఆ ఒక్క మాటలో ఇల్లాళ్ళ గొంతు ఉందని నాకనిపిస్తుంది.

సమ్మె నాలుగున్నర నెలలు సాగింది. ఫిబ్రవరిలో అక్కడ గడ్డకట్టే చలి, మన డిసెంబరు చలి లాంటిది కాదు, సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోయే రోజులుంటాయి. జీతాలు లేవు. ఒక్కో ఇంట్లో ఏడెనిమిది మంది పిల్లలు. ఫ్రెంచి కుటుంబాల్లో అప్పట్లో అది మామూలే. క్యుబెక్ ముఖ్యమంత్రి మారిస్ డ్యుప్లెసీ సమ్మె చట్టవిరుద్ధమని ప్రకటించి పోలీసుల్ని దింపాడు. కంపెనీ బయటివాళ్ళని పనిలోకి తెచ్చింది. కంపెనీ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకి ఖాళీ చెయ్యమని బెదిరింపులు. మగవాళ్ళు వీధిలో అరుస్తారు, ఊరేగింపు తీస్తారు. ఇంట్లో డబ్బా అడుగున ఎంత పిండి ఉందో తెలిసింది ఇల్లాలికే కదా. అయినా వాళ్ళు "పోనీ పనిలోకి వెళ్ళండి" అని భర్తల వెంట పడలేదు. జపమాలలు చేత్తో పట్టుకుని వాళ్ళూ వీధుల్లో నడిచారు.

ఇక్కడొక ఆశ్చర్యం జరిగింది. క్యుబెక్ చర్చి అంటే ఎప్పుడూ పెద్దల పక్షమే. అలాంటిది, ఆ ఊరి ఫాదర్ కామిరాన్ గారు కార్మికుల పక్షాన నిలబడ్డారు. మే 1న మాంట్రియల్ ఆర్చిబిషప్పు జోసెఫ్ షార్బొన్నో పీఠం ఎక్కి, పనివాళ్ళని నలిపెయ్యడానికి కుట్ర జరుగుతుంటే చర్చి చూస్తూ ఊరుకోదని చెప్పాడు. రాష్ట్రమంతటా చర్చి గుమ్మాల దగ్గర చందాలు పోగుచేశారు. తిండి సామాన్లు నింపిన లారీలు వరసగా ఊళ్ళోకి వచ్చాయి. మే మొదటి వారంలో గొడవలు ముదిరాయి, రోడ్లు మూసేశారు, పోలీసులు దొరికినవాళ్ళని దొరికినట్టు పట్టుకుని చితకబాదారు. ఆర్చిబిషప్పు మరుసటి ఏడాది పదవి వదిలి దేశానికి ఆ చివర ఉన్న ఊరికి వెళ్ళిపోవాల్సి వచ్చింది.

జూలైలో సమ్మె ముగిసింది. దక్కింది కాస్త జీతం పెంపు. కొందరికి మళ్ళీ పని దొరకలేదు. దుమ్ము దుమ్ముగానే ఉంది. ఓడిపోయారనే అనాలి. కానీ ఆ సమ్మె చూడటానికి మాంట్రియల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళలో పియేర్ ట్రూడో అనే సంపన్నుల బిడ్డ ఒకడు. మిత్రుడు, పత్రికా విలేఖరి జెరార్ పెల్తియేతో కలిసి వచ్చాడు. కార్మికులతో మాట్లాడాడు, ఉపన్యాసం ఇచ్చాడు, 1956లో ఆ సమ్మె మీద ఒక పుస్తకం కూర్చాడు. 1968లో కెనడా ప్రధానమంత్రి అయ్యాడు. క్యుబెక్‌లో 1960 తర్వాత వచ్చిన పెద్ద మార్పులకి, అంటే చదువూ ఆసుపత్రులూ చర్చి చేతిలోంచి ప్రభుత్వం చేతికి రావడం లాంటి వాటికి, ఈ చిన్న ఊరి సమ్మెనే మొదటి మెట్టుగా చాలామంది చెప్తారు.

ఆ రోజుల్లో అక్కడి ఆడవాళ్ళ స్థితి ఏమిటో కూడా విన్నారంటే ముక్కున వేలేసుకుంటారు. క్యుబెక్ ఎన్నికల్లో స్త్రీలకి ఓటు వచ్చింది 1940లో. పెళ్ళయిన స్త్రీ భర్త సంతకం లేకుండా ఒప్పందం రాసుకోవడానికి 1964 దాకా వీల్లేదు! 1961లో క్యుబెక్ శాసనసభకి ఎన్నికైన మొట్టమొదటి మహిళ క్లేర్ కిర్క్‌లాండ్ న్యాయవాది కూడా. రాజధానిలో ఇల్లు అద్దెకి తీసుకోబోతే, భర్త సంతకం తెమ్మన్నారు. రాష్ట్రానికి చట్టాలు చేసే మనిషి అద్దె కాగితం మీద సంతకం పెట్టకూడదు! ఆవిడే పట్టుబట్టి 1964లో ఆ చట్టం మార్పించింది. ఇంకా విచిత్రం, 1981 నుంచి క్యుబెక్‌లో పెళ్ళి అయినా స్త్రీ తన పుట్టింటి పేరుతోనే ఉండాలని చట్టం. మార్చుకుంటానన్నా ఊరికే మార్చనివ్వరు. మన ఆడపిల్లలు పెళ్ళయ్యాక బ్యాంకు పుస్తకం, పాస్‌పోర్టు, ఆధార్ కార్డు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే అవస్థ వాళ్ళకి లేదు. అందరూ ఇష్టపడతారని కాదు సుమండీ. మొగుడి పేరు పెట్టుకోవాలని సరదాపడే కొత్త పెళ్ళికూతుళ్ళు అక్కడా ఉంటారు.

సరే, ఊళ్ళోకి వద్దాం. 1960ల నుంచి రాతినార అపాయకరం అని ప్రపంచమంతా గోల మొదలైంది. కేసుల మీద కేసులు పడి, 1982లో జాన్స్-మాన్విల్ కంపెనీ దివాలా పిటిషన్ పెట్టింది. మరుసటేడు గనిని స్థానిక అధికారులకే అమ్మేసింది. ఊరివాళ్ళకి మాత్రం గని ఆగిపోతే అన్నం ఆగిపోతుందని భయం. "మా నాన్న నలభై ఏళ్ళు పనిచేశాడు, ఏమైంది?" అనేవాళ్ళు ఉండేవారు. మన దగ్గర చుట్ట తాగే తాతగారి తొంభై ఏళ్ళ ఆయుష్షు చూపించి వాదించరూ, అలాగ! గనిలో అడుగు పెట్టని ఆ ప్రాంతపు ఆడవాళ్ళ మీద కూడా ఒక పరిశోధన చేశారు, 1998లో వెలువడింది. అనుకున్నంతగా ఊపిరితిత్తుల క్యాన్సర్ కనపడలేదు గానీ, ఊపిరితిత్తుల పైపొరకి వచ్చే అరుదైన క్యాన్సర్ మాత్రం మామూలు కంటే ఎక్కువగా కనిపించింది. దానితో ఏడుగురు పోయారు. ఏడే కదా అని లెక్కలవాళ్ళు అనవచ్చు. ఆ ఏడుగురూ ఎవరి ఇంట్లోనో అమ్మలో అక్కలో.

ఇక్కడే మనం వస్తాం కథలోకి. కెనడాలో ఇళ్ళకి రాతినార వాడటం దాదాపు మానేశారు, తవ్వడం మానలేదు. తవ్విందంతా పేద దేశాలకి పంపారు. అందులో పెద్ద కొనుగోలుదారు మన భారతదేశమే. ఆ నారని సిమెంటులో కలిపితే రేకులవుతాయి. చవక, తుప్పు పట్టదు, మోత తక్కువ. తాటాకు పాక నుంచి రేకుల ఇంటికి మారడం అంటే మన ఊళ్ళల్లో ఒక మెట్టు ఎక్కినట్టే లెక్క. నిప్పంటుకుంటుందన్న భయం పోయింది, ఏటేటా కప్పించే బాధ తప్పింది. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో వేరే సంగతి. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ రాతినార తవ్వేవారు. 1995లో సుప్రీంకోర్టు ఈ పరిశ్రమలో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం గురించి పెద్ద తీర్పు ఇచ్చింది, ఆరోగ్యం కార్మికుడి హక్కు అంది.

2012లో క్యుబెక్ ప్రభుత్వం గనిని మళ్ళీ నడపడానికి 5 కోట్ల 80 లక్షల డాలర్ల అప్పు ఇస్తామని ముందుకొచ్చింది. దాన్ని కొని నడపాలనుకున్నది ఎవరో తెలుసా? మాంట్రియల్లో స్థిరపడ్డ మన భారతీయ వ్యాపారి. ఎన్నికల్లో ప్రభుత్వం మారి ఆ అప్పు రద్దయింది, గని శాశ్వతంగా మూతపడింది. 2018 డిసెంబరు 30 నుంచి కెనడా దేశమంతటా రాతినారని నిషేధించారు. అప్పటి ప్రధానమంత్రి జస్టిన్ ట్రూడో. 1949లో సమ్మె శిబిరానికి వెళ్ళిన కుర్రాడి కొడుకే!

గని పోయాక పేరు గుదిబండ అయింది. కొత్త పరిశ్రమల కోసం అమెరికా వెళ్ళి విజిటింగ్ కార్డు ఇవ్వబోతే, దాని మీద పేరు చూసి ముట్టుకోవడానికే జంకారని వార్తల్లో వచ్చింది. 2020లో పేరు మార్చాలని మొదట నాలుగు పేర్లు ప్రతిపాదించారు. అందులో ఒకటి అపలోన్, ఒక జాతి తాబేలు పేరు. జనం భగ్గుమన్నారు. "మేం తాబేలు ఊరివాళ్ళమా?" అని అడగరూ మరి! చివరికి ఆరు పేర్లు పెట్టారు. కోవిడ్ రోజులు కాబట్టి కార్లలో కూచునే ఓట్లు వేశారు. పద్నాలుగేళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ ఓటు. అక్టోబరులో వాల్-దే-సూర్స్ గెలిచింది, అది కూడా మూడో విడత లెక్కింపులో 51.5 శాతంతో. ఊటల లోయ అని అర్థం. ఆ చుట్టుపక్కల ప్రాంతాన్నంతా 2006 నుంచే సూర్స్ అని పిలుస్తున్నారు. సగంమందికి అది ఇష్టమైన పేరు కాదనే కదా లెక్క? గనిలో ఊపిరి పోసిన ముసలివాళ్ళు నొచ్చుకున్నారు. నన్నడిగితే వాళ్ళ బాధా న్యాయమే. పేరుతోపాటు తాము పడ్డ కష్టాన్నీ తుడిచేస్తున్నారని అనిపించి ఉంటుంది.

ఇప్పుడు ఆ గొయ్యిలో నీరు ఊరుతోంది. నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు, నెమలికంఠం చీరలాగ. 2019లో దాని మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి రెండు కిలోమీటర్లకి కాస్త తక్కువగా పట్టీతాడు కట్టి మనుషులు నడిచారు. అందులో ఒక అమ్మాయి కూడా ఉంది. ఊళ్ళో ఇప్పుడు బాతు మాంసం తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది, పాత మిల్లు నంబరు పేరు పెట్టుకున్న బీరు దుకాణం ఉంది. గని మట్టిగుట్టలు మాత్రం కొండల్లా అలాగే నిలబడి ఉన్నాయి.

రేకుల ఇల్లున్న పాఠకులు ఈపాటికి కంగారు పడుతూ ఉంటారు. కంగారు వద్దు. మన దేశంలో ఈ రేకుల మీద పూర్తి నిషేధం ఇప్పటికీ రాలేదు, అన్నీ పీకించమని చెప్పడం తేలికే కానీ డబ్బెవరిస్తారు? పగలని రేకులో నార సిమెంటులో గట్టిగా బిగుసుకుని ఉంటుంది. కోసినప్పుడూ, రంధ్రం చేసినప్పుడూ, విరిగినప్పుడూ, పాతబడి పొడి రాలేటప్పుడూ అపాయం. కాబట్టి రేకుని రంపంతో కోయించకండి. తప్పనిసరి అయితే నీళ్ళు బాగా చల్లించి, పిల్లల్ని దూరంగా పంపి, పనివాడి ముక్కుకి ఒట్టి చేతిరుమాలు కాకుండా మంచి మాస్కు ఇప్పించండి. రాలిన పొడిని చీపురుతో పొడిగా ఊడవకండి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారెయ్యండి. రేకు మీద నాచు పట్టిందని బ్రష్షుతో రుద్దకండి. విరిగిన ముక్కల్ని పొయ్యి చుట్టూ అడ్డుపెట్టడం, తులసికోట పక్కన పరవడం, కోళ్ళగూటి మీద కప్పడం చాలా ఇళ్ళల్లో చూస్తాం, అది మానండి. పిల్లలు ఆ ముక్కలతో గచ్చు మీద గీతలు గీసి తొక్కుడుబిళ్ళ ఆడుతారు, అది అసలే వద్దు. ఇంట్లో ఎవరైనా రేకుల పనికి వెళ్తుంటే, ఆ బట్టలు ఇంట్లో దులపకుండా, నీళ్ళల్లో ముంచి, విడిగా ఉతకండి. కొత్తగా కప్పు వేయించేవాళ్ళు కొట్టువాడిని 'ఆస్‌బెస్టాస్ లేనిది చూపించు' అని అడగండి, ఇప్పుడు దొరుకుతున్నాయి.

ఇంత బరువైన సంగతి చెప్పి వట్టి చేతులతో పంపడం నాకిష్టం లేదు. క్యుబెక్‌లో ఒక తీపి వంటకం ఉంది, 'పుడింగ్ షోమ్యూర్', అంటే పనిలేనివాడి పుడింగు! 1929లో ఆర్థికమాంద్యం వచ్చి ఫ్యాక్టరీలు మూతపడ్డప్పుడు, అక్కడి శ్రామిక స్త్రీలు ఉన్న కాసిని దినుసులతో కనిపెట్టారంటారు. పంచదారకి బదులు మేపుల్ చెట్టు పాకం వేసేవాళ్ళూ ఉన్నారు. మనకి బెల్లం ఉండనే ఉంది, గుడ్డు కూడా అక్కర్లేదు.

ఒకటిన్నర కప్పుల మైదాలో ఒకటిన్నర చెంచాల బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు కలిపి జల్లించండి. పావు కప్పు వెన్న, అర కప్పు పంచదార బాగా గిలకొట్టి, అందులో మైదా, ముప్పావు కప్పు పాలు కొంచెం కొంచెంగా కలపండి. ఇడ్లీ పిండి కంటే కాస్త గట్టిగా ఉండాలి. నెయ్యి రాసిన లోతైన గిన్నెలో సగానికి మించకుండా వెయ్యండి. ఒకటిన్నర కప్పుల బెల్లం, అన్నే నీళ్ళు, రెండు చెంచాల వెన్న వేసి మరగనివ్వండి. బెల్లం కరిగి రెండు పొంగులు వస్తే చాలు, తీగపాకం అక్కర్లేదు. ఆ వేడి పాకాన్ని గరిటె వెనకవైపు నుంచి పిండి మీద నెమ్మదిగా పొయ్యండి, కలపకండి. "ఇదేమిటి, నీళ్ళపాలైంది" అని భయపడకండి. ఉడికేటప్పుడు పిండి పైకి లేస్తుంది, పాకం అడుక్కి దిగుతుంది. ఓవెన్ ఉంటే 180 డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు. లేనివాళ్ళు పాత కుక్కర్లో అంగుళం ఎత్తు ఇసుక పోసి, గాస్కెట్, వెయిట్ తీసేసి, సన్నని సెగ మీద ముప్పావుగంట పైన ఉంచండి. పుల్ల గుచ్చితే పైభాగం అంటకుండా రావాలి. పావుగంట ఆరనిచ్చి, గిన్నె అడుగుదాకా గరిటె దించి, పాకంతో సహా తీసి వడ్డించండి.